ఓబులమ్మ చెంగు పట్టుకున్న ఉత్తరేణి

ఒకప్పుడు ఉత్తరేణి గింజలు ఆవగింజల్లా నున్నగా ఉండేవి. తల్లి మొక్క కాళ్ళ దగ్గరే రాలి, అక్కడే మొలిచేవి. ఎవరి బట్టలకూ అంటుకునేవి కావు.

ఆ రోజుల్లో ఏదులకొండ మీద ఒక రాతికోట ఉండేది. కోటనాయకుడికి శత్రువులంటే మహా భయం. అందుకని కొండ చుట్టూ దట్టంగా అడవి పెంచి, కోటకు పోయే కాలిబాట కనపడకుండా ముళ్ళపొదలు నాటించాడు. "దావ ఎవరడిగినా చెప్పొద్దు" అని ప్రతి చెట్టుకూ, ప్రతి పొదకూ పేరుపేరునా ఆజ్ఞ వేశాడు. కోటలోవాళ్ళకూ చుట్టాలుంటారన్న సంగతి మాత్రం ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

కొండ కింద ఊళ్ళో ఓబులమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆమె కూతురు చెంచమ్మను కోట కావలివాడికిచ్చి చేశారు. చెంచమ్మకు తొలికాన్పు. తొలికాన్పుకు పుట్టింటికి పంపడం ఎక్కడైనా ఉన్నదే. కానీ దావ బయటపడుతుందని నాయకుడు పంపనివ్వలేదు.

ఒక పొద్దున బురుజు మీద చెంచమ్మ పసుపు చీర ఎగిరింది. నొప్పులు మొదలైతే అలా చీర కట్టిస్తానని ఆమె అమ్మకు ముందే కబురు పంపింది. కోటలో మంత్రసాని లేదు. ఓబులమ్మ ఆముదం బుడ్డి, పాత మెత్తటి గుడ్డలు మూట కట్టుకుని అడవిలో పడింది. కాసేపటికే బాట మాయమైంది.

"మద్దిమానూ, కోటకు దావ యాడ?" అని అడిగింది. మద్దిచెట్టు ఆకాశంలోకి చూసింది. కలేపొద నోరు విప్పలేదు. గచ్చపొద మొహం తిప్పుకుంది.

"ఊరందరి బిడ్డలనూ ఈ చేతులతోనే పట్టుకుంటి. నా బిడ్డ కాడికే పోలేకపోతినే" అంటూ ఓబులమ్మ కూలబడి ఏడ్చింది.

"ఏడవొద్దవ్వా, నేను చెప్తా" అంది మోకాలి పక్కనుంచి ఒక చిన్న గొంతు. అది ఉత్తరేణి.

"నీకు ఆజ్ఞ లేదా?"

"నన్నెవరు లెక్కచేసినారు? చెట్టు కాదు, పొదా కాదని వదిలేసినారు. బాట పక్కనే కూచుని పోయేవాళ్ళ కాళ్ళు చూస్తా ఉంటా. మలుపులు చానా ఉండాయి, చెప్తే మర్చిపోతావు. నా బిడ్డలను నీతో పంపిస్తా."

గింజలన్నీ ఎగిరి ఓబులమ్మ చీర మీదికి దూకాయి. జర్రున జారి కింద పడ్డాయి. మళ్ళీ దూకాయి, మళ్ళీ జారాయి.

ఆ సందడికి బొరియలో ఏదుపందికి మెలకువ వచ్చింది. "పగలన్నా పడుకోనీరు కదా" అని సణుగుతూనే సంగతి విన్నది. తన రాలిన ముళ్ళ మొనలు కొరికి, గింజకు ఇన్ని చొప్పున ఇచ్చింది. గింజలు కంగారులో వాటిని తలకిందులుగా తొడుక్కున్నాయి. అయితేనేం, ఈసారి చీరను గట్టిగా పట్టుకున్నాయి.

ఎడమకు తిరగాలంటే ఎడమ పిక్క మీద గుచ్చేవి. కుడికైతే కుడి పిక్క మీద. "తెలిసిందిలే, మెల్లగా" అంటూ ఓబులమ్మ మధ్యాహ్నానికల్లా కోట వాకిలి చేరింది.

అల్లుడు నోరెళ్ళబెట్టాడు. "అత్తా, దావ ఎవరు చెప్పినారు?"

"ముందు నీళ్ళు కాగబెట్టు నాయనా."

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. చెంచమ్మ అమ్మ చెంగు పిడికిట్లో పట్టుకుని ఎంతకీ వదల్లేదు. అప్పుడు కనపడ్డాయి అల్లుడికి ఆ చీరనిండా గింజలు. దులిపెయ్యమన్నాడు.

"మా అమ్మ కిందుంది. మాకు కాళ్ళు లేవవ్వా" అన్నాయి గింజలు.

ఓబులమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "నేను దించుతా పట్టుకోండి. ఇకమీద పోయేవాళ్ళందరి బట్టలూ పట్టుకోండి. విసుక్కుంటారు, తిడతారు. అయినా ఒక్కొక్కటే తీసి మట్టిలోనే వేస్తారు. ఈ దావ పొడుగునా మీరుండాల. ఏ తల్లీ నా మాదిరి అడివిలో కూలబడకూడదు" అంది.

దిగేటప్పుడు మలుపుకు నాలుగు గింజలు చల్లింది. మిగతావాటిని వాళ్ళమ్మ ఒళ్ళో వేసింది.

ఆ కోట గోడలు ఎప్పుడో కూలాయి. నాయకుడి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. కాలిబాట మాత్రం ఉంది, దాని వెంబడే ఉత్తరేణి ఉంది. అప్పటినుంచే ఉత్తరేణి గింజల ముళ్ళు తలకిందులుగా ఉంటాయి. అప్పటినుంచే, అడవిలో నడిచే ఎవరినైనా అమ్మను పట్టుకున్నట్టు పట్టుకుంటాయి.