పిల్లకి అందకూడని మందు

ఇది అబద్ధమనే మొనగాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి. కథ మధ్యలో లేస్తే మాత్రం ఊరుకోను. ఇదంతా జరిగిందే. నేను ఆవగింజంత కూడా పెంచి చెప్పడం లేదు.

నాగులవలస తవిటినాయుడికి తన ఇంటి తెలివంటే మహా గర్వం. "మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఊళ్ళోవాళ్ళలాగ సొంత బుర్ర వాడి పాడు చెయ్యం" అని మీసం దువ్వేవాడు. పోయిన వానల్లో అతని చంటికూతురు పైడమ్మకి మలేరియా తగిలింది. ఆ వణుకుకి నులకమంచం అరుగు దిగి, వీధి దాటి, పొరుగింటి పశువులశాల దాకా నడిచింది! పిల్ల బతికి బట్టకట్టింది గానీ తండ్రి గుండె ఇంకా కుదుటపడలేదు. అందుకే ఈసారి జ్వరం రాకముందే మందు వేస్తామంటూ ఆశా కార్యకర్త గౌరమ్మ రాగానే, చెవులు రెండూ ఆవిడకి అప్పగించేశాడు.

మొదటి మాత్ర గౌరమ్మే కరిగించి పట్టింది. "ఇంకో రెండున్నాయి. రేపొకటి, ఎల్లుండొకటి. నీళ్ళలో కలిపి పట్టండి, చుక్క మిగలకూడదు. అందాకా పిల్లలకి అందనిచోట దాచండి బాబూ" అని వెళ్ళిపోయింది.

అంతే! మాత్రలు అటకెక్కాయి.

"అటకేటి మావా? పిల్ల ఎదగదా?" అంది పెళ్ళాం రాములమ్మ.

"ఎదుగుద్ది. నా పోలికే."

ఇంకేముంది, ఇంటి వెనక తాడిచెట్టెక్కి మొవ్వులో కట్టేసి వచ్చాడు. ఆ చెట్టెంత పొడవంటే, పైనుంచి కాయ రాలితే నేలకి చేరేలోపు ముగ్గి పండయ్యేది!

తెల్లారింది. మందు వేసే వేళయింది.

"దింపు మావా."

"దింపితే పిల్లకి అందిపోద్ది కదే!"

"అందకపోతే ఎలాగ తాగుద్ది?"

తవిటినాయుడు తల పట్టుకున్నాడు. అంతలో ఉపాయం తట్టింది. మళ్ళీ చెట్టెక్కి, ఒక మాత్ర తీసి, గురి చూసి పైనుంచే బావిలోకి విసిరాడు. పిల్లకి అందనూ లేదు, నీళ్ళలో కలవనూ కలిసింది!

"ఇక చుక్క మిగలకూడదు" అంది రాములమ్మ. పైడమ్మ రెండు గ్లాసులు తాగి మూతి తిప్పేసుకుంది. బావి అలాగే ఉంది. తవిటినాయుడికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "తాగమ్మా, నా తల్లివి కదూ, ఇంకొక్క బావెడు!"

"నీ కన్నీళ్ళు అందులో పడనీకు మావా, తాగాల్సింది పెరిగిపోద్ది!"

ఈ గోల విని గౌరమ్మ పరుగెత్తుకొచ్చింది. నెత్తి బాదుకుని, సంచిలోంచి ఇంకో మాత్ర తీసి, గ్లాసులో కలిపి తాగించింది. మర్నాటిదీ తనే వచ్చి వేసింది. "వానాకాలం మందిది. నెలనెలా వెయ్యాలి" అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

నెల తిరిగింది. గౌరమ్మ వచ్చేసరికి ఎండ ఫెళ్ళున కాస్తోంది. తవిటినాయుడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"వానాకాలం మందు కదా తల్లీ. వానేదీ?"

"పిల్లకి మందు పడకపోతే జొరం వచ్చేస్తాదయ్యా, తప్పుకో!"

జ్వరమనగానే అతని ప్రాణం గిలగిల్లాడింది. నిచ్చెన వేసుకుని ఇంటికప్పు ఎక్కేశాడు. రాములమ్మ కిందనుంచి నీళ్ళకుండలు అందించింది. గౌరమ్మ వాకిట్లోనే పిల్లని ఒళ్ళో పెట్టుకుని మందు పడుతుంటే, పైనుంచి కుండ మీద కుండ గుమ్మరించాడు. "ఉరుములు కూడా కావాలా తల్లీ?" అని అడిగి, జవాబు రాకముందే రేకుడబ్బా అందుకుని డబడబా బాదాడు.

ఈ ఏడు పైడమ్మకి జ్వరం రాలేదు. గౌరమ్మకి మాత్రం జలుబు చేసింది. నమ్మరా? అయితే వెళ్ళి అడగండి. మండుటెండలో కూడా ఆ ఇంటికి రెయిన్‌కోటు తొడుక్కునే వెళ్తుంది. పేరు కోరాడ గౌరమ్మ.