అచ్చులో పట్టని చరణం

అనగనగా సముద్రాల అవతల, ఇంగ్లీషువాళ్ళ దేశంలో, పొద్దెక్కినా మంచు విడవని ఒక రేవు ఊరు. ఆ ఊళ్ళో ఎల్సీ అని ఒకావిడ. మొగుడు ఓడెక్కి మూడేళ్ళయింది. కూతురు నెల్ నాన్న ముఖమే మరిచిపోయింది. పాలు పితికేటప్పుడు ఎల్సీ ఒక పాట పాడేది. వాళ్ళమ్మ నేర్పింది, ఆవిడకి వాళ్ళమ్మ, ఆవిడకి వాళ్ళమ్మ. ఓడ వెళ్తుంది, గాలి లేస్తుంది, పిల్ల ఏడుస్తుంది, చివరి చరణంలో నావికుడు తిరిగొస్తాడు. ఊ కొడుతున్నారా?

ఒకనాడు పాటల కాగితాలు అమ్మేవాడొచ్చి, ఆ పాట రాసుకుపోయాడు. పై సంతకి అచ్చయి వచ్చింది. ఊరంతా కొని గోడలకి అంటించుకున్నారు. చూస్తే చివరి చరణం లేదు! ఓడ వెళ్ళింది, గాలి లేచింది, పిల్ల ఏడ్చింది. అంతే.

"అయితే నాన్న రాడా?" అని నెల్ ఆ పూట రొట్టె ముట్టలేదు. ఆ తర్వాతా సగం సగమే తినేది.

"అచ్చులో లేనిది నీకెక్కడిదే ఎల్సీ? ఆశకొద్దీ నువ్వే కలిపావు" అంది పక్కింటావిడ. ఎల్సీకీ అనుమానం పట్టుకుంది. అమ్మ నిజంగా పాడిందా, తనే అల్లుకుందా?

పట్నం నడిచి వెళ్ళి అచ్చాపీసు దొరని అడిగింది.

"కాగితంలో చోటు లేక తీసేశానమ్మా. పైన బొమ్మ ఉండాలిగా" అన్నాడాయన.

ఆ బొమ్మేమిటో తెలుసా? ఓడ కాదు, సముద్రం కాదు, గుర్రమెక్కిన రాజు! ఆయన దగ్గరున్న చెక్క అచ్చు అదొక్కటే. ఏ పాటకైనా ఆ రాజే.

"ఆ రాజుని దింపి మా ఆయన్ని ఎక్కించండి దొరగారూ!"

"బొమ్మ లేకపోతే ఎవరు కొంటారు? నీ చరణం నోటితో పాడుకో."

సరే అంది ఎల్సీ. ప్రతి సంతలోనూ కాగితాలమ్మేవాడి పక్కన నిలబడి, కొన్నవాళ్ళకల్లా ఆ చరణం పాడింది. వాళ్ళు దాన్ని పాడుకుంటూ మంచులో కలిసిపోయారు. ఒక ఊళ్ళో నావికుడు పడవలో వచ్చాడు, ఒక ఊళ్ళో వానలో నడిచొచ్చాడు, ఒక ఊళ్ళో భుజాన చిలకతో వచ్చాడు. రావడం మాత్రం అన్ని ఊళ్ళలోనూ వచ్చాడు.

ఒక సంతలో, కాగితం కొనని ముసలావిడ ఎల్సీతో గొంతు కలిపింది. ఒక్క మాట తప్పలేదు.

"మీకెలా తెలుసు?"

"మా అమ్మ పాడేదమ్మా."

ఎల్సీ ఇంటికి పరుగెత్తి ఆ సంగతి చెప్పింది. ఆ పూట నెల్ రొట్టె మొత్తం తింది.

ఆయన వచ్చాడా అంటారా? వచ్చాడు, చలికాలం పోతుండగా, పెద్ద గడ్డంతో. "పాటలో వచ్చే ఆయన నువ్వేనా?" అని అడిగింది నెల్. "ఏ పాటో తర్వాత చెబుదువు గానీ, ముందు రొట్టె పెట్టవే" అన్నాడాయన.

కాగితం మీద లేనంతమాత్రాన ఉన్నది లేకుండా పోదర్రా. ఇక కథ ఓడెక్కి రేవు దాటింది, మనం దుప్పట్లోకి.