బొట్టు లేని గిట్టగునపం

అనగనగా అనగనగా, పొగబండి ఇంకా కొత్తకోడలంత కొత్తగా ఉన్న రోజుల్లో, కొండల నడుమ వలిసెలగిరి అనే రాజ్యం ఉండేది. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ ఇది. దీపానికి దణ్ణం పెట్టుకుని మరీ చెప్పేదట. మీరూ ఒకసారి పెట్టుకోండి, చెబుతాను.

ఆ రాజ్యంలో నాగేరు అని ఒక ఏరు. వంగి చూస్తే కళ్ళు తిరిగేంత లోతున పారేది. దాని మీద రాజుగారు వంతెన కట్టించి పట్టాలు వేయించారు. పట్టాల కింద అడ్డంగా మద్ది దుంగలు పరిపించారు. పట్టానీ దుంగనీ కలిపి మేకులు కొట్టించారు. బండి వంతెన ఎక్కిందంటే కొండలన్నీ ఒక్కసారి ఓంకారం పలికినట్టు ఉండేది. పశువులు మేత మాని చూసేవి. ముసలమ్మలు చెంగు భుజాన కప్పుకుని చేతులు జోడించేవారు.

ఆ వంతెనకి మేస్త్రీ గవరయ్య. ఆయన పాకలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. మనుషులు కాదు, పనిముట్లు. ఒకే కొలిమిలో, ఒకే ఇనప ముద్దలోంచి పుట్టాయి. చెల్లెలు సుత్తి, మేకులు కొట్టేది. అక్క గునపం, మేకులు పీకేది. అది నిలువెత్తు కడ్డీ. కింది కొస మేకగిట్టలా రెండుగా చీలి ఉండేది. ఆ చీలికలో మేకు తల ఇరికించి, పై కొస పట్టుకుని కిందికి వాలిస్తే, ఎంత మొండి మేకైనా లేచి రావలసిందే. అందుకే దాన్ని గిట్టగునపం అనేవారు.

"కొట్టేదొకటి చేస్తే తీసేదొకటి చెయ్యాలి. నా కొలిమి నియమం అది" అని కమ్మరి ఇచ్చి వెళ్ళాడు గానీ, దాన్ని ముట్టినవాళ్ళే లేరు.

ఎందుకంటే అక్కడ ఒక ఆచారం ఉండేది. పట్టాకీ దుంగకీ మేకు కొట్టడమంటే వాటికి పెళ్ళి చెయ్యడమే. మేకు తలకి పసుపు రాసి మరీ కొట్టేవారు. కొట్టిన మేకు పీకడమంటే తాళి తెంపడమే. పీకినవాడు పొలిమేర దాటి పోవాలని రాజుగారి శాసనం కూడాను. మేకు వదులైతే ఏం చేసేవారు? పక్కనే ఇంకో మేకు కొట్టేవారు. అంతే.

దసరాకి ఆయుధపూజ చేస్తే సుత్తికి పసుపూ కుంకుమా బంతిపూల దండా. పారకీ తట్టకీ కూడా తలో బొట్టు. గిట్టగునపాన్ని మాత్రం ముఖం గోడవైపు తిప్పి, గోనె కప్పేసేవారు.

"ఏమే అక్కా, ఈ ఏడూ బొట్టు అందలేదా? పోనీ నా దండ వాసన చూసుకో" అనేది సుత్తి.

"నీకు పెడితే నాకు పెట్టినట్టేలేవే" అనేది గునపం, గోనె కిందనుంచి.

ఆ ఏడు వానలు ఆగకుండా కురిశాయి. వాన వెలిశాక గవరయ్య వంతెన మీద నడిచి చూస్తే, నడిమధ్య దుంగ మీద ఒక మేకు పాలపన్నులా కదులుతోంది. సుత్తి కోసం పాకలోకి వచ్చాడు. ఆ రోజుల్లో పనిముట్లు మాట్లాడితే మనుషులకి వినబడేది, చెవి ఒగ్గితే.

"గవరయ్యా, నన్నొకసారి తీసుకెళ్ళు. ఆ మేకు తీసి చూద్దాం. దుంగ కడుపులో ఏదో బాధ ఉంది" అంది గునపం.

"రామ రామ! పెళ్ళయినదాన్ని విడదియ్యమంటావా!" అని గవరయ్య చెవులు మూసుకున్నాడు. వెళ్ళి పక్కనే ఇంకో మేకు కొట్టాడు.

దసరా వెళ్ళింది. ఆ రెండో మేకూ కదిలింది.

"గవరయ్యా, దణ్ణం పెడతాను, ఒక్కసారి చూడనియ్యి" అంది గునపం.

"నోరు ముయ్యి. నీ ముఖం చూసిన రోజు నాకు అన్నం పుట్టదు" అన్నాడు గవరయ్య. మూడో మేకు కొట్టాడు. దుంగంతా పసుపు చుక్కలే. చూడటానికి పెళ్ళిపీటలా కళకళలాడుతోంది.

కార్తీకం వచ్చింది. గవరయ్య పాక ఉన్న ఒడ్డునే పట్టాలమ్మ తల్లి తీర్థం. రాజుగారూ, ఊళ్ళకి ఊళ్ళూ ఆ బండిలోనే వస్తున్నారు. గవరయ్య ఒక్కగానొక్క కూతురు తవిటమ్మ కూడా వస్తోంది, తొలిచూలు పురిటికి, పుట్టింటికి. గవరయ్య తెల్లారకుండానే లేచి స్నానం చేసి వంతెన ఎక్కాడు. మూడు మేకులూ కదులుతున్నాయి.

నాలుగోది పెట్టి సుత్తి ఎత్తి కొట్టాడు. ధణ్ మనలేదు. మేకు ఒక్క దెబ్బకే అరటిబోదెలోకి దిగినట్టు తలదాకా దిగిపోయింది.

సుత్తి నోరు విప్పింది.

"మేస్త్రీ, ఆగు. మంచి దుంగ నాకు ఎదురు తిరుగుతుంది. నేను కొట్టిన దెబ్బ నా పిడిదాకా వస్తుంది. ఇది ఎదురు తిరగలేదు. లోపల ఎవరూ లేరు మేస్త్రీ! నా వల్ల కాదు. మా అక్కని తీసుకురా."

కొండ వెనకనుంచి బండి కూత వినబడింది.

గవరయ్య పాకలోకి పరుగెత్తాడు. గోనె లాగాడు. అతని మేనల్లుడు సన్యాసి, పనివాళ్ళలో పెద్దవాడు, గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"మావా, వద్దు! అది ముట్టావంటే పొలిమేర దాటాలి. పిల్ల పురిటికొచ్చేసరికి పుట్టిల్లే ఉండదు."

"పిల్లంటూ ఉంటే కదరా, పుట్టిల్లు!" అన్నాడు గవరయ్య. గునపం భుజాన వేసుకున్నాడు.

మొదటి మేకు తల గిట్టలో ఇరికించి వాల్చాడు. మంచి చెక్కలోంచి లేచే మేకు కెవ్వుమంటుంది. ఇది కిక్కురుమనలేదు. దాని వెంట తడి పొట్టు రాలింది.

రెండోది వాల్చాడు. చెదపురుగులు బిలబిలమంటూ పైకొచ్చాయి. అరచేతి మందం చెక్క కింద వాటి మేడలూ వీధులూ!

మూడోది వాల్చాడు. కన్నంలోంచి వెలుగు వచ్చింది. గవరయ్య మోకాళ్ళ మీద కూలబడి కన్ను ఆనించాడు. దిగువన, ఎక్కడో దిగువన, నాగేరు తళతళా మెరుస్తూ పారుతోంది. పదిమంది మోసిన దుంగ! అంత బండినీ మోస్తోందనుకున్నది ఇన్నాళ్ళూ ఉత్త పసుపేనా?

గబగబా లేచి పట్టాలమ్మ గుడికి పరుగెత్తాడు. "తల్లీ, నీ చీర అప్పియ్యి" అని ఎర్రచీర తీసి గునపం కొసకి కట్టాడు. వంతెన మీదుగా అవతలికి పరుగెత్తి, బండి వచ్చే దారిలో పట్టాల నడుమ నిలబడి పైకెత్తాడు.

కొండ మలుపు తిరిగి వచ్చింది బండి. నల్లగా, నిప్పులు కక్కుతూ, నేల అదరగొడుతూ. గవరయ్య కళ్ళు మూసుకున్నాడు గానీ చెయ్యి దించలేదు. వేడి ఊపిరి ముఖానికి తగిలింది. చీర రెపరెపలాడింది. బండి ఆగింది.

రాజుగారు దిగి వచ్చారు. వంతెన మీద పడి ఉన్న మేకులు చూశారు. ముఖం ఎర్రబడింది.

"ఎవడు పీకాడు?"

"నేనే మహారాజా. పొలిమేర దాటమంటే దాటతాను. ముందు మీరొక్కసారి వంగి చూడండి."

ఎవరి ముందూ వంగని రాజుగారు పట్టాల మీద మోకరిల్లి, కన్నానికి కన్ను ఆనించారు. చాలాసేపు లేవలేదు. లేచేసరికి ఆయన చెంపకి దుంగ మీది పసుపు అంటుకుంది. తుడుచుకోలేదు.

"గవరయ్యా, నాకు ఏరు కనబడలేదు. అమ్మవారి కన్ను కనబడింది. నా శాసనమే నా జనాన్ని మింగేసేది" అన్నారు. ఆ గొంతు రాజుది కాదు, దణ్ణం పెట్టేవాడిది.

శాసనం అక్కడికక్కడే కొట్టేశారు. జనం వంతెన మీదుగా కాలినడకన ఏరు దాటి తీర్థానికి వెళ్ళారు. గిట్టగునపం దుంగ దుంగకీ వెళ్ళింది. మేకు కెవ్వుమంటే దుంగ మంచిది. మేకు మౌనంగా వస్తే దుంగ మార్చారు. ఒక్కో కేకకీ అందరూ చేతులెత్తి మొక్కారు.

సాయంత్రం తవిటమ్మ గుళ్ళోంచి కుంకుమ పట్టుకొచ్చి గునపం దగ్గరికి వెళ్ళింది.

"కడుపుతో ఉన్నావమ్మా, ముట్టుకోకు" అన్నాడు గవరయ్య. ఎంత చూసినా పాత భయం పోదు కదా.

"నా కడుపు నిలబెట్టిందే అది, నాన్నా" అంది తవిటమ్మ. చీలిన ఆ గిట్టల నడుమ ఇంత బొట్టు పెట్టింది.

"అక్కా, దండ సగం నీదేనే" అంది సుత్తి, మెల్లగా.

దూరాన ఆగి ఉన్న బండి అప్పుడే ఒక కూత వేసిందట. ఎవరైనా వేశారో, అదే వేసిందో, మా అమ్మమ్మకి తెలియదు, నాకూ తెలియదు. కొత్త దుంగల మీదుగా బండి క్షేమంగా అవతలి ఒడ్డుకి చేరింది, మన కథా చేరింది.

పిల్లలూ, బిగించే చెయ్యి ఎంత శుభమో, లోపల పుచ్చినదాన్ని దాచకుండా విప్పి చూపించే చెయ్యీ అంతే శుభం.