ముద్ర పడని మంత్రసాని

ఒకానొక కాలంలో తూర్పు సముద్రానికి నాలుగామడల దూరంలో మణిదుర్గమనే రాజ్యం ఉండేది. దాన్నేలే ప్రతాపవర్ధనుడు చెడ్డవాడు కాడు. యుద్ధాలంటే సరదా లేదు, వేటంటే మోజు లేదు. ఆయనకున్న పిచ్చల్లా ముద్రలే. తాటాకు మీద లక్క కరిగించి పోసి, దాని మీద ఏనుగు బొమ్మ ఒత్తితే తప్ప ఏ మాటా మాట కాదని ఆయన నమ్మకం.

"ముద్ర లేని మాట మూత లేని కుండ" అని రోజూ సభలో అనేవాడు. అన్నప్పుడల్లా సభంతా తల ఊపేది.

ముద్రశాల అధికారి సోమనామాత్యుడు. ఆయన లంచం పుచ్చుకునేవాడు కాదు. పుచ్చుకుంటే పనైనా అయ్యేది కదా అని జనం ఏడ్చేవారు.

ఆ ఊళ్ళోనే పేరమ్మ అనే మంత్రసాని ఉండేది. యాభై ఏళ్ళ మనిషి. కడుపులో అడ్డం తిరిగిన బిడ్డను సర్ది క్షేమంగా బయటికి తేవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఓడ వర్తకుల నోట ఆమె పేరు సముద్రం దాటి ముత్యాలదీవి దాకా పోయింది. ఆ దీవి రాణికి అప్పటికి రెండు కాన్పులు పోయాయి. మూడోసారి నెల తప్పగానే అక్కడి రాజు పేరమ్మ దగ్గరికి మనిషిని పంపాడు.

"అమ్మా, మా రాణిగారి పురుడయ్యేదాకా మీరు మా కొలువులో ఉండాలి. ఒక్కటే సంగతి. పరదేశపు వైద్యులను మా రేవులో ఊరికే దిగనివ్వరు. మీ విద్యకు మీ రాజుగారి ముద్ర వేయించుకోండి. గాలి తిరిగేలోపు ఓడ కదలాలి. ఇంకా రెండు నెలలుంది" అన్నాడతను.

"రెండు నెలలెందుకయ్యా, రెండు రోజులు చాలవూ?" అంది పేరమ్మ.

ఆమె అప్పటిదాకా ముద్రశాల గడప తొక్కలేదు మరి.

మర్నాడే వెళ్ళింది. తనకు విద్య నేర్పిన మాచక్క రాయించి ఇచ్చిన తాటాకు, ఊరి కరణం ఇచ్చిన పత్రం, దీవి నుంచి వచ్చిన ఉత్తరం ముందు పెట్టింది. సోమనామాత్యుడు మూడూ చదివి కనుబొమలు ముడిచాడు.

"మాచక్క రాసినదాంట్లో పేరక్క అని ఉంది. కరణం పత్రంలో పేరమ్మ. దీవి ఉత్తరంలో పేరిందేవి. వీళ్ళలో నువ్వెవరు?"

"ముగ్గురూ నేనేనయ్యా. చిన్నతనాన పేరక్కని. నలుగురికి పురుళ్ళు పోశాక పేరమ్మనయ్యాను. పరదేశం వాళ్ళు మర్యాదకి దేవి అన్నారు."

"ముగ్గురూ ఒకరేనని ఒక పెద్దమనిషి చేత రాయించుకురా."

పేరులోనే పేరున్న మనిషికి పేరే అడ్డమొచ్చింది. ఆ పెద్దమనిషి మనవరాలి పెళ్ళికి పొరుగూరు పోయి పది రోజులకు గానీ తిరిగిరాలేదు. ఆ పత్రం పట్టుకుని పేరమ్మ మళ్ళీ వెళ్ళింది.

"బాగుంది. ఇప్పుడు మాచక్క వచ్చి, ఈ తాటాకు తానే ఇచ్చానని చెప్పాలి" అన్నాడు అమాత్యుడు.

"ఆవిడ పోయి పన్నెండేళ్ళయిందయ్యా!"

"పోయినట్టు పత్రం తీసుకురా."

తెచ్చింది. ఆయన దాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు.

"చచ్చిపోయినవాళ్ళు ఇచ్చిన పత్రం చెల్లదే!"

"ఇచ్చినప్పుడు బతికే ఉందయ్యా!"

"ఇచ్చినప్పుడు బతికి ఉన్నట్టు పత్రమేదీ?"

పేరమ్మ ఇంటికి వెళ్ళే దారంతా తనలో తానే గొణుక్కుంటూ నడిచింది. అయినా పట్టు వదల్లేదు. ఆ పత్రమూ ఎలాగో పుట్టించింది.

"సరే. నువ్వు మంత్రసానివే అనడానికి, నీ చేతుల మీద పుట్టినవాణ్ణి ఒకణ్ణి సాక్ష్యం తీసుకురా" అన్నాడు అమాత్యుడు.

ఈసారి ఆమె మల్లడనే వస్తాదును వెంటబెట్టుకొచ్చింది. ద్వారానికి అడ్డంగా నిలబడితే వెలుతురు ఆగిపోయేంత మనిషి.

"నన్ను పుట్టించింది ఈ తల్లేనండీ" అన్నాడు మల్లడు.

"నువ్వు చూశావా?"

"ఏంటండీ?"

"పుట్టేటప్పుడు ఈమె మొహం చూసి గుర్తుపెట్టుకున్నావా?"

మల్లడు తల గోక్కున్నాడు. "అప్పుడు కళ్ళు మూసుకుని ఉన్నానండీ."

"చూడని సాక్ష్యం చెల్లదు" అన్నాడు అమాత్యుడు.

ఇలా నలభై నాలుగు రోజులు గడిచాయి. పేరమ్మ ఇక తాళలేక నేరుగా సభకు వెళ్ళింది. "ప్రభూ, అక్కడొక ఆడకూతురు బిడ్డ దక్కుతుందో లేదోనని రోజులు లెక్కబెట్టుకుంటోంది. ఓడ వెళ్ళిపోతే నేను ఈదుకుంటూ పోలేను. కనికరించండి" అని మొరపెట్టుకుంది.

రాజు మీసం దువ్వాడు. "చట్టం కనికరించదమ్మా. కనికరిస్తే అది చట్టం కాదు. ముద్ర పడేదాకా నువ్వు మంత్రసానివీ కావు, పేరమ్మవూ కావు. ఇది మా ఆజ్ఞ!"

సభ తల ఊపింది. లేఖకుడు ఆ మాట రాశాడు. దానికి మాత్రం సోమనామాత్యుడు అక్కడికక్కడే లక్క పోసి ముద్ర వేసి ఆమె చేతిలో పెట్టాడు.

పేరమ్మ దాన్ని కొంగున ముడేసుకుని ఇంటికి పోయింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రాజుగారి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ కాళ్ళు ముందుకొచ్చాయి. అంతఃపురపు మంత్రసాని చేతులెత్తేసింది. రాణి హడలిపోయి పేరమ్మకు పల్లకి పంపింది.

పల్లకిలో అయితే ఆలస్యమవుతుందని పేరమ్మ పరుగెత్తింది. ద్వారం దగ్గర ఆమెనెవరూ పత్రం అడగలేదు. ఆ సంగతి ఆమె గమనించింది. ఒంట్లో ఉన్న కోపమంతా పళ్ళ బిగువున అదిమిపెట్టి, చేతులు కడుక్కుని పనిలోకి దిగింది. తన కోపానికీ ఆ పిల్ల నొప్పులకీ సంబంధం లేదు కదా.

పొద్దు వాలేలోగా మగబిడ్డ కేరుమన్నాడు. తల్లి కళ్ళు తెరిచి నవ్వింది.

బయట ఆస్థాన జ్యోతిష్కుడు గంటం పట్టుకుని కాచుకున్నాడు. లోపల ఆడవాళ్ళంతా ఏడుపుల్లో ఉంటే, గంట ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టింది పేరమ్మ ఒక్కతే.

"బిడ్డ భూమ్మీద పడింది ఏ గడియకమ్మా, పేరమ్మా?"

"పేరమ్మ ఎవరు స్వామీ? అలాంటి మనిషి ఇక్కడ లేదు."

జ్యోతిష్కుడు తెల్లబోయాడు. ఇంతలో రాజు ఉత్సాహంగా వచ్చాడు. "గడియ చెప్పవేం? జాతకం రాయాలి, చాటింపు వేయించాలి. సామంతులు సభలో కూర్చున్నారు!"

"చెప్పకూడదు ప్రభూ. నేను మంత్రసానిని కాను, పేరమ్మనూ కాను. తలుపు తీసి ఉంటే లోపలికొచ్చిన ఎవరో ఆడమనిషిని. నా మాటకు విలువేముంది?"

"హేళనా?" రాజు ఉరిమాడు.

"తమ ఆజ్ఞ ప్రభూ. ముద్ర కూడా ఉంది." కొంగు ముడి విప్పి చూపించింది.

రాజు సోమనామాత్యుడి వైపు తిరిగాడు. "ఇదేమిటయ్యా? నువ్వు చెప్పు!"

అమాత్యుడు ఆ పత్రం ఆసాంతం చదివాడు. "ఆమె చెప్పింది సబబే ప్రభూ. రాజవంశపు పుట్టుకను మంత్రసాని మాట మీదే రాయాలి. మంత్రసాని లేదు కనుక, చట్టప్రకారం బిడ్డ ఇంకా పుట్టలేదు."

"పుట్టలేదా? ఆ ఏడుపు వినిపించడం లేదూ?"

"ఏడుపు వినిపిస్తోంది ప్రభూ. ముద్రే కనిపించడం లేదు."

"అయితే ఈమెకు ఇప్పుడే ముద్ర వెయ్యి!"

"చూసిన సాక్షి కావాలి ప్రభూ."

"నా మనవడే సాక్షి!"

"కళ్ళు తెరిచి చూశాడా ప్రభూ?"

"ఇప్పుడే పుట్టాడయ్యా!"

"అదే కదా ప్రభూ, ఇంకా రుజువు కాలేదు."

రాజు తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. మొహం కందగడ్డయింది. ఏదో అరవబోయి, ఎదురుగా ఊరికే నిలబడి ఉన్న పేరమ్మను చూసి ఆగిపోయాడు.

"ఈయనతో నువ్వు ఎన్నాళ్ళు పడ్డావు?"

"నేటికి యాభై మూడు రోజులు ప్రభూ."

"నేను అరగడియ ఓపిక పట్టలేకపోయాను!" అన్నాడు రాజు. అని, మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. లోపల రాణీ నవ్వింది. సోమనామాత్యుడొక్కడే నవ్వలేదు.

రాజు తానే లక్క కరిగించి, తన చేత్తో ఆమె తాటాకు మీద ఏనుగు ముద్ర ఒత్తాడు. చేతి కంకణం తీసి ఆమెకిచ్చి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ముద్రశాలకు వచ్చినవాళ్ళకు ఏమేం కావాలో మొదటి రోజే, అన్నీ ఒక్కసారే చెప్పమనండి ప్రభూ. అది చాలు."

"అలాగే!"

"ప్రభూ, ఆ ఆజ్ఞకు..." అని ఏదో చెప్పబోయాడు సోమనామాత్యుడు. రాజు అతని వంక ఒక్క చూపు చూశాడు. అమాత్యుడు మాట మింగేసి లక్క తెచ్చాడు.

పేరమ్మ జ్యోతిష్కుడికి గడియ చెప్పి, బాలింతకు పథ్యం చెప్పి, మర్నాడు పొద్దున్నే బండెక్కి రేవుకు బయలుదేరింది. ముత్యాలదీవి రాణికి ఆడపిల్ల పుట్టిందని, తల్లీ పిల్లా చల్లగా ఉన్నారని మరుసటి ఏడు వచ్చిన ఓడవాళ్ళు చెప్పుకున్నారు.