మౌలాలి నోట్లో మురబ్బా

మూడు రోజులుగా మౌలాలికి కాలు ఒకచోట నిలవడం లేదు.

అతని గురువు దస్తగిరి షా, కాన్సర్ ఆసుపత్రిలోని పిల్లల వార్డుకు అల్లం మురబ్బా చేసి తీసుకుపోతున్నారు. కీమో ఎక్కించినప్పటి నుంచి పదమూడేళ్ళ హిమజ కడుపులో మెతుకు నిలవడం లేదు. వాంతుల మందుతో పాటు అల్లం కూడా పెట్టొచ్చని డాక్టరమ్మే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది.

"గురువారానికైనా తిన్నది నిలవాలి. ఈ నీరసంలో శుక్రవారం మందు ఎక్కించలేను. వాయిదా పడుతుంది."

అల్లం మహిమ ఇక తేలిపోతుందని మౌలాలికి ఒకటే సంబరం. ఏదీ మరిచిపోకూడదని ఒక నోటుపుస్తకం కూడా కొన్నాడు. బుధవారం పొద్దున్నే మంచం పక్కన కూర్చున్నాడు.

"హిమజా, వాంతి వస్తోందా?"

"లేదన్నా."

రాసుకున్నాడు. పది నిమిషాలు ఆగాడు.

"ఇప్పుడు? కొంచెమైనా తిప్పుతోందా?"

"నువ్వు అడిగావుగా. ఇప్పుడు తిప్పుతోంది!" అంటూ పిల్ల బేసిన్ కోసం చెయ్యి చాచింది. తల్లి పరుగెత్తుకొచ్చింది.

మౌలాలి అదీ రాసుకుని గురువు దగ్గరికి పోయాడు. "బాబా, ఘాటు చాల్లేదు. రెట్టింపు అల్లం వేద్దామా?"

"వేద్దాం," అన్నారు దస్తగిరి షా.

గురువారం ఆయన రెండు డబ్బాలు తెచ్చారు. ఒకదాంట్లోంచి చింతగింజంత ముక్క తీసి హిమజ చేతిలో పెట్టారు. మౌలాలి పుస్తకం తెరిచాడు.

"హిమజా, వాం..."

మాట పూర్తయ్యేలోగా రెండో డబ్బాలోంచి నిమ్మకాయంత ముక్క అతని నోట్లోకి వెళ్ళిపోయింది.

"నమలకు. ఉమ్మెయ్యకు. కరిగేదాకా చప్పరించు."

మౌలాలి చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు. "మ్మ్... మ్మ్..."

హిమజ తన ముక్క చప్పరిస్తూ అతన్నే చూసింది. చటుక్కున పుస్తకం లాక్కుంది.

"అన్నా, మండుతోందా? కొంచెమా, చాలానా? తల ఊపు, రాసుకుంటా!"

మౌలాలి తల ఊపాడు. పిల్ల పకపకా నవ్వింది. "అమ్మా, చూడవే, అన్న ఏడుస్తున్నాడు!"

తల్లి ఇడ్లీ తుంచి కూతురి నోటికి అందించింది. హిమజ రాస్తూనే తినేసింది. ఇంకో తునక. ఇంకోటి. రెండిడ్లీలు అయిపోయాయి. గంట గడిచింది. బేసిన్ మంచం కిందే ఉంది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి చూసింది. "రేపు ఎక్కిద్దాం," అంది.

మెట్లు దిగుతూ మౌలాలి గంతులేశాడు. "నిలిచింది బాబా! చూశారా, రెట్టింపు ఘాటు ఎంత పని చేసిందో!"

"ఆ పిల్లకిచ్చింది పాత పాకమే. రెట్టింపు ఘాటు నీ ముక్కకే వేశాను."

మౌలాలి మిగతా మెట్లు నెమ్మదిగా దిగాడు.

శుక్రవారం పొద్దున వార్డు గుమ్మం దగ్గర అతని చేతిలో పుస్తకం లేదు. గురువు డబ్బా మూత తీయకముందే, తనే నోరు తెరిచి నిలబడ్డాడు.