నాడి చూసే బొమ్మ

రత్నగిరి రాజుగారు ఊరూరికీ ఒక ఇత్తడి బొమ్మను పంపించి, ఇక వైద్యులెందుకని వాళ్ళందరినీ కొలువు మాన్పించేశారు. బొమ్మ చేతిలో చెయ్యి పెడితే చాలు, నాడి చూసి రోగం పేరు చెప్పేది. మందిచ్చే దిక్కు మాత్రం లేకుండా పోయింది.

బుట్టలల్లే గురవమ్మ కూతురికి ఒళ్ళు కాలిపోతుంటే బొమ్మ "విషజ్వరం" అంది. అంతే. వారం తిరక్కుండా పిల్ల పోయింది.

బొమ్మ పనితీరు చూసి రమ్మని రాజుగారు పంపితే, మంత్రి మండుటెండలో బొమ్మను నిలిపిన ఆ ఊరి చావడికొచ్చి గురవమ్మను పిలిపించాడు.

"నీ కూతురి రోగం బొమ్మ సరిగ్గానే చెప్పిందా?"

"సరిగ్గానే చెప్పింది దొరా."

"ఇంకేం, భేషుగ్గా పనిచేస్తోంది! నాలుక పిడచకట్టుకుపోతోంది, కాసిని నీళ్ళియ్యమ్మా."

గురవమ్మకు గుండె మండిపోయింది. "ఆ బొమ్మ చేతిలో చెయ్యి పెట్టండి దొరా" అంది.

మంత్రి పెట్టాడు. బొమ్మ "దాహం" అంది.

"చెప్పేసింది కదా దొరా. ఇక వెళ్ళిరండి."

మంత్రి వెంట వచ్చిన భటుడు కర్ర ఎత్తాడు. మంత్రి వద్దని వారించి తల దించుకున్నాడు. గురవమ్మ కళ్ళు తుడుచుకుని, ఇంటికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

తాగి, "మీ ఊరికి మళ్ళీ వైద్యుణ్ణి పంపిస్తానమ్మా" అన్నాడాయన.

"పంపండి దొరా. పిల్లలున్న ఇళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నాయి" అని ఆమె ఖాళీ చెంబుతో ఇంటిదారి పట్టింది.