తొమెకిచి కాలి కింద బంతి

అనగనగా అనగానే రాజుగారి కోసం వెతక్కండి. ఈ కథలో రాజు లేడు, ఆయనకి ఏడుగురు కొడుకులూ లేరు. జపాను దేశంలో ఉత్తరాన ఒక రేవు ఉంది. పొగమంచు ఎప్పుడు లేస్తే అక్కడ అప్పుడే తెల్లారినట్టు. ఆ రేవులో తొమెకిచి అని ఒకడుండేవాడు.

ఆ ఊరికి తిండి పెట్టేది సముద్రపు నాచు. మనిషికంటే పొడవైన ఆకుల్ని పడవల్లో తెచ్చి, ఒడ్డున గులకరాళ్ళ మీద పరిచి ఎండబెట్టాలి. ఎండేటప్పుడు వాన పడిందా, ఏడాది తిండి పోయినట్టే. ఆ రాళ్ళ పక్కనే ఒక గడ్డిబయలు. ఎప్పుడో ఓడవాళ్ళు వదిలేసిపోయిన తోలుబంతితో ఊరి కుర్రాళ్ళు అక్కడ ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. ఏటా వేసవిలో ఒక్కరోజు, సముద్రపు పాయకి అవతలున్న ఊరితో పోటీ.

తొమెకిచికి కోరిక ఒక్కటే. బతికుండగా ఒక్కసారి అవతలి ఊరిని గెలవాలి.

మొదట వాడు ఆడాడు. జుట్టు నల్లగా ఉన్నన్నాళ్ళూ ఆడాడు. గెలవలేదు. బంతిని తుడిచి, చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. భార్య ఒసెన్ గుమ్మంలోనే అడిగింది.

"అయిపోయిందా మీ ఆట?"

"ఇంకా అవలేదే, ఒసెన్."

మోకాళ్ళు మొరాయించాక ఆడించాడు. కుర్రాళ్ళకి బంతిని కాలితో అందివ్వడం నేర్పాడు, ఓడినప్పుడు అవతలివాళ్ళ ముందు వంగి దణ్ణం పెట్టడం నేర్పాడు. రెండోదే వాళ్ళకి ఎక్కువ పనికొచ్చింది. అరిచి అరిచి గొంతు పోయింది గానీ గెలవలేదు. బంతిని తుడిచి, చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"అయిపోయిందా మీ ఆట?"

"ఇంకా అవలేదే, ఒసెన్."

జుట్టు నెరిశాక రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి ఆయన్ని ఆటకి పెద్దని చేశారు. బయలు పక్కన కుర్చీ వేశారు. ఆట మొదలవ్వాలన్నా, ఆగాలన్నా ఆయన చెయ్యెత్తాల్సిందే. కోరిక మాత్రం పోలేదు. రెండు ఊళ్ళకీ పెద్ద కాబట్టి పైకి అనకూడదు, అంతే. బంతి తనంతట తానే నీళ్ళ మీద దొర్లుకుంటూ వచ్చి తన పాదం దగ్గర ఆగినట్టు కలలొచ్చేవి.

ఒక ఏడాది పోటీరోజున ఎండ ఫెళఫెళలాడింది. ఆటకి మంచిరోజు నాచుకీ మంచిరోజే కదా అని, ఊరు ఊరంతా ఉన్న నాచంతా ఒకేసారి పరిచేసి, కాపలాకి ఒక్కరినైనా ఉంచకుండా ఆట చూడ్డానికి వచ్చేసింది. ఆ రోజే తొమెకిచి ఊరు గోలు కొట్టింది. మొట్టమొదటిసారి అవతలి ఊరు వెనకబడింది. ముసలాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుంది.

అప్పుడు సముద్రం మీద గాలి మారింది. ఒక నల్లమబ్బు మెల్లగా ఒడ్డువైపు తిరిగింది. అందరి కళ్ళూ బంతి మీదే. మబ్బును తొమెకిచి ఒక్కడే చూశాడు. పక్కనే కూర్చున్న అవతలి ఊరి ముసలాయన ఇవామత్సు, ఆయన చూపు పోయిన వైపు చూశాడు. ఇద్దరూ ఒకప్పుడు ఎదురెదురుగా ఆడినవాళ్ళే.

"ఆట మధ్యలో ఆపితే గెలిచినట్టు కాదు, తొమెకిచీ. మన కట్టుబాటు నీకు తెలుసు. కాసేపు ఓర్చుకో."

"నేను ఓర్చుకుంటాను బావా. వాన ఓర్చుకోదు."

ఆయన చెయ్యెత్తాడు. ఆట ఆగిపోయింది. తొమెకిచి ఊరి జట్టు నాయకుడు పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దయ్యా, చేతికందిన గెలుపు పోగొడతావా?"

"ఆగిన చోటినుంచే మళ్ళీ ఆడుకుందురు గాని. గాలికి బంతి కదలకుండా నేను చూస్తుంటాను. ముందు నాచు తీయండి. అంత నాచుకి చూసే జనం ఒక్కరే చాలరు, రెండు జట్లూ పోవాలి."

అని కుర్చీ బంతి దగ్గరికి లాక్కుని, చెప్పు విడిచి, బంతి మీద పాదం పెట్టి కూర్చున్నాడు.

రెండు జట్లూ పరిగెత్తాయి. ఏ చొక్కా ఏ ఊరిదో తెలియకుండా కలిసిపోయి నాచు మోశాయి. వాన దిగింది. అవతలి ఒడ్డు మాయమైంది. బయలూ సముద్రమూ ఒక్కటైపోయాయి. ఆ తెల్లటి వానలో తొమెకిచికి నల్లజుట్టు కుర్రాడొకడు కనిపించాడు. వాడు పరిగెత్తుతున్నాడు. వాడికి అలుపు లేదు. పాదం కింద బంతి వెచ్చగా ఉంది. ఆయనకి చాలా సంతోషంగా ఉంది.

వాన వెలిశాక అందరూ తిరిగొచ్చారు.

"పెద్దయ్యా, ఊరి నాచంతా దక్కింది!"

ఆయన పలకలేదు. నవ్వుమొహంతో సముద్రం వైపు చూస్తూ అలాగే ప్రాణం విడిచాడు. పాదం మాత్రం బంతి మీదే ఉంది.

ఇవామత్సు కుర్చీ పక్కన కూలబడి ఏడ్చాడు. "గెలుపు మీదే చెల్లెమ్మా. మా ఊరి తరఫున నేను చెబుతున్నాను" అన్నాడు ఒసెన్‌తో.

ఒసెన్ ఆ తడిపాదాన్ని చేతిగుడ్డతో తుడిచింది. తల అడ్డంగా ఊపింది.

"ఆయన్ని అడిగితే ఏమంటారో నాకు తెలుసన్నయ్యా. ఇంకా అవలేదంటారు."

అప్పట్నుంచీ ఆ ఒడ్డున ఏటా ఆట బయలు మధ్యలోంచి మొదలవదు. ఆ రోజు బంతి ఆగిన చోటినుంచి మొదలవుతుంది. ఎవరో ఒక పెద్దాయన చెప్పు విడిచి బంతి మీద పాదం పెడతాడు. రెండు జట్లూ వంగి దణ్ణం పెడతాయి. పాదం తీశాకే ఆట. మబ్బు కనిపిస్తే మళ్ళీ పాదం పెడతారు, రెండు జట్లూ నాచుకి పరిగెత్తుతాయి.

ఎవరి కోరికైనా తీరకుండా మిగిలిపోతే అక్కడివాళ్ళు పోయిందనరు. "తొమెకిచి కాలి కింద ఉంది" అంటారు. నిద్ర కళ్ళతో పిల్లలు కథ అయిపోయిందా అని అడిగితే, తల్లులు చెప్పేదీ ఆ మాటే.